బండి నడిపేవాళ్ళ నడుముకు ఆసరా: సరైన బ్యాక్‌రెస్ట్ చేయించుకోవడం ఎలా?

బ్యాక్‌రెస్ట్ కావాలని అడిగితే షాపులో చూపించేది వెనక కూర్చునేవాళ్ళ దిండే. అవెంజర్ క్రూజ్‌కు అది కంపెనీ నుంచే వస్తుంది. బుల్లెట్‌కూ క్లాసిక్‌కూ బయట రకరకాలవి దొరుకుతాయి. కానీ హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా, దాదాపు 270 కిలోమీటర్లు, హ్యాండిల్ వదలకుండా కూర్చునేది ముందు మనిషి. ఆ మనిషి నడుముకు ఆనే దిండు మన మార్కెట్లో తక్కువ. దొరికినా మన ఒంటి కొలతకు సరిపడేది ఇంకా తక్కువ. అందుకే చాలామంది చివరికి వెల్డింగ్ షాపుకు వెళ్ళి, ఆ తర్వాత సీట్లు కుట్టే అతని దగ్గరకు వెళ్ళి సొంతంగా చేయించుకుంటారు. అలా వెళ్ళే ముందు ఏం కొలుచుకోవాలి, అక్కడ ఏం అడగాలి, దేనికి ఒప్పుకోకూడదు అన్నది చెప్తాను.

ముందే ఒక మాట. ఇది వాలుకుర్చీ కాదు. వెనక్కి వాలి హాయిగా కూర్చుందామని చేయించుకుంటే చేతులు చాచాల్సి వస్తుంది, మెడ ముందుకు వంగుతుంది, ఉన్న నొప్పికి కొత్త నొప్పి తోడవుతుంది. మీరు మామూలుగా నిటారుగా కూర్చున్నప్పుడు నడుము వెనక్కి జారి గూని పడకుండా ఆపడమే దీని పని. దిండు వీపుకు ఆనీ ఆననట్టు ఉండాలి. అలసిపోయి నడుము జారబోయే క్షణంలో మాత్రం అది అక్కడ తగలాలి.

మీ బండికి, మీ నొప్పికి ఇది అవసరమా?

డ్యూక్, పల్సర్ ఎన్ఎస్ లాంటి బండ్ల మీద ఒళ్ళు ముందుకు వంగి ఉంటుంది. వీపు వెనక దిండు పెట్టినా అది తగలదు. ఆ డబ్బు మిగుల్చుకోండి. క్లాసిక్ 350, బుల్లెట్ 350, హోండా సీబీ350 మీద నిటారుగా కూర్చుంటాం కాబట్టి ఉపయోగం ఉంది. అవెంజర్, మీటియర్, సూపర్ మీటియర్ లాంటి క్రూజర్ల మీద ఇంకా ఎక్కువ ఉపయోగం. కాళ్ళు ఒంటి కిందే ఉంటే గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్ట్‌ల మీద కాస్త లేచి దెబ్బను మోకాళ్ళతో తీసుకోవచ్చు. క్రూజర్ మీద కాళ్ళు ముందుకు చాచి ఉంటాయి, అలా లేవలేం. కుదుపు మొత్తం తోక ఎముక మీదుగా నేరుగా వెన్నులోకి పోతుంది. సీటు ఎత్తు తక్కువ, చూడ్డానికి సుఖంగా ఉంది అని క్రూజర్ కొన్నవాళ్ళే వంద కిలోమీటర్లు దాటాక నడుము పట్టేసిందని అనడానికి కారణం ఇదే.

గాలి సంగతి కూడా ఉంది. ముందు గాలిని ఆపే అద్దం (విండ్‌స్క్రీన్) లేని బండి మీద 80 దాటితే గాలి ఛాతీని వెనక్కి తోస్తూనే ఉంటుంది. వెనక్కి పడిపోకుండా మనం తెలియకుండానే హ్యాండిల్‌ను లాగి పట్టుకుంటాం. గంటసేపు అలా లాగితే భుజాలు, మణికట్లు నొప్పి పుడతాయి. నడుము దగ్గర ఆసరా దొరికితే చేతులు ఆ పని మానేస్తాయి. బ్యాక్‌రెస్ట్ పెట్టించుకున్నవాళ్ళు నడుము కంటే ముందు భుజాల నొప్పి తగ్గిందని చెప్పడం వింతేమీ కాదు.

అయితే ప్రతి నొప్పికీ ఇది మందు కాదు. పిరుదులు, తోక ఎముక నొప్పి పుడుతుంటే తప్పు సీటు ఫోమ్‌ది. దాన్ని మార్పించండి. మెడ, భుజాల మధ్య నొప్పి ఉండి హ్యాండిల్ అందుకోవడానికి ఒళ్ళు సాగదీయాల్సి వస్తుంటే హ్యాండిల్‌ను పైకి లేపే ముక్కలు, అంటే హ్యాండిల్ రైజర్ల గురించి ఆలోచించండి. బెల్టు పెట్టుకునే చోట అడ్డంగా పట్టేసినట్టు ఉండి, బండి దిగి నాలుగడుగులు నడిస్తే సర్దుకునే నొప్పికి మాత్రం బ్యాక్‌రెస్ట్ బాగా పనిచేస్తుంది. నొప్పి మోకాలు దాటి కిందికి లాగుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా, దిగిన తర్వాత కూడా తగ్గకపోయినా ముందు డాక్టర్ దగ్గరకు వెళ్ళండి, వెల్డింగ్ షాపుకు తర్వాత వెళ్ళొచ్చు.

పైసా ఖర్చు లేని పరీక్ష

ఇనుము కోయించే ముందు ఒక ఆదివారం పొద్దున ఈ పని చేయండి. ఒక దుప్పటిని గట్టిగా చుట్టి, పొట్టి సంచిలో పెట్టి, వెనక సీటు ముందు భాగంలో బంగీ తాళ్ళతో, అంటే కొక్కేలున్న సాగే తాళ్ళతో కట్టండి. చుట్ట నడుముకు తగలాలి, పిరుదులకు కాదు. కింద ఖాళీ ఉండేలా అడుగున గట్టి అట్టపెట్టె గానీ చిన్న చెక్కపెట్టె గానీ పెట్టి ఎత్తు సర్దుకోండి. తాడు కొసలు చక్రంలోకీ చైన్‌లోకీ వేలాడకుండా చూసుకోండి, ఇది చిన్న విషయం కాదు. ఇక యాభై అరవై కిలోమీటర్లు వెళ్ళి రండి.

మధ్యలో రెండుసార్లు ఆగి ఎత్తు మార్చండి. ఒకసారి రెండు వేళ్ళంత పైకి, ఒకసారి అంతే కిందికి. ఏ ఎత్తులో ఒళ్ళు దాని సంగతే మర్చిపోయిందో అదే మీ ఎత్తు. సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. దీంతో ఏ తేడా తెలియకపోతే ఇనుముతో చేయించినా తెలియదు.

ఒంటరిగా దూరం వెళ్ళేవాళ్ళలో కొందరు ఇక్కడితోనే ఆగిపోతారు. ఎలాగూ బట్టల బ్యాగు కట్టుకోవాలి కాబట్టి ఆ బ్యాగునే ముందుకు జరిపి, మెత్తటి బట్టలు నడుము వైపు, చెప్పులూ పనిముట్లూ వెనక వైపు వచ్చేలా సర్దుకుంటారు. ఏడాదికి ఒకటో రెండో దూరప్రయాణాలు చేసేవాళ్ళకు ఇది చాలు అని నా అభిప్రాయం. రోజూ యాభై కిలోమీటర్లు తిరిగేవాళ్ళు, సెలవు దొరికితే ఘాట్ రోడ్డెక్కేవాళ్ళు ముందుకు చదవండి.

కొలతలు

బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టండి. ఆ స్టాండ్ లేకపోతే ఇంకొకరిని హ్యాండిల్ దగ్గర గట్టిగా పట్టుకోమనండి. సైడ్ స్టాండ్ మీద కూర్చుని కొలిస్తే ఒళ్ళు ఒక పక్కకు ఒరిగి కొలత తప్పుతుంది. ప్రయాణంలో వేసుకునే ప్యాంటు, జాకెట్ వేసుకునే కూర్చోండి. వీపు గార్డు ఉన్న జాకెట్ అయితే దాని మందం ఎంతో కొంత కలుస్తుంది. కాళ్ళు ఫుట్‌రెస్ట్‌ల మీద, చేతులు హ్యాండిల్ మీద, మోచేతులు కాస్త వంచి, మీకు అలవాటైన చోటే కూర్చోండి. కొలత బాగా రావాలని వెనక్కి జరగొద్దు.

నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడితే వేళ్ళకు తగిలే తుంటి ఎముక పై అంచు మీకు తెలుసు కదా. రెండు వైపుల అంచులనూ వీపు మీద అడ్డంగా ఒక గీతతో కలిపితే ఆ గీత నడుము వెన్నుపూసల్లో నాలుగోదాని దగ్గర పోతుంది. దిండు నడిమధ్య ఆ గీత మీద గానీ రెండు వేళ్ళు పైన గానీ రావాలి. మీరు కూర్చున్నాక నొక్కుకున్న సీటు నుంచి ఆ గీత దాకా స్కేలు నిలబెట్టి ఇంట్లోవాళ్ళను కొలవమనండి. చాలామందికి 18 నుంచి 23 సెం.మీ. మధ్య వస్తుంది. సుద్ద గుర్తు, ఈ కొలత దగ్గరదగ్గరగా ఉంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే. తేడా వస్తే సుద్ద గుర్తునే నమ్మండి. అది రోడ్డు మీద తేలిన కొలత.

అదే ఎత్తులో మీ వీపు నుంచి వెనక సీటు ముందు అంచు దాకా ఎంత దూరం ఉందో కూడా రాసుకోండి. దిండు మందం, దాని వెనక చెక్క, ఇనుము అన్నీ ఆ ఖాళీలో పట్టాలి. పట్టకపోతే వెనక సీటును కాస్త ఆక్రమించాల్సిందే.

దిండు సైజు వెడల్పు 26 నుంచి 30, ఎత్తు 18 నుంచి 20 సెం.మీ. ఉంటే చాలు. అంతకంటే పెద్దది చేయించమని షాపువాళ్ళు అంటారు, పెద్దదైతే చూడ్డానికి గొప్పగా ఉంటుంది మరి. ఒప్పుకోకండి. భుజాల రెక్కల దాకా పోయిన దిండు మీరు తల తిప్పి వెనక చూసేటప్పుడు ఒళ్ళు తిరగనివ్వదు. దిండు అడుగుకూ సీటుకూ మధ్య 10 సెం.మీ. ఖాళీ వదలండి. ఆ ఖాళీలోకి పిరుదులు కాస్త జరిగితేనే నడుము దిండుకు సరిగ్గా ఆనుతుంది. ఖాళీ లేకుండా కిందిదాకా దించితే దిండు పిరుదులను ముందుకు తోస్తుంది, మీరు ట్యాంకు మీదకు జారుతూ ఉంటారు, నడుము మాత్రం గాల్లోనే ఉంటుంది. చాలా బ్యాక్‌రెస్ట్‌లు ఫెయిలయ్యేది ఇక్కడే.

ఎక్కడ బిగించాలి?

బండి ఛాసిస్‌కు కొత్తగా రంధ్రం వేయకూడదు, దాని మీద వెల్డింగ్ చేయకూడదు. ఈ ఒక్క విషయంలో బేరం లేదు. వెల్డింగ్ వేడికి ఆ చోట ఇనుము గుణం మారుతుంది, రంధ్రం దగ్గర పగులు మొదలవుతుంది. కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలనే వాడుకునేలా బ్రాకెట్ చేయించాలి. బ్రాకెట్ వెల్డింగ్ కూడా బండి మీద పెట్టి కాదు, విప్పి కింద పెట్టే చేయాలి. కొలత కోసం బండి మీదే రెండు టాకాలు వేస్తానని వెల్డర్ పట్టుబట్టితే ముందు బ్యాటరీ వైర్లు రెండూ విప్పించండి. ఫ్యుయల్ ఇంజెక్షన్ బండ్లలో ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్, అంటే ఈసీయూ, ఖరీదైన వస్తువు.

క్లాసిక్, మీటియర్ లాంటి వాటిలో ముందు సీటు, వెనక సీటు విడివిడిగా ఉంటాయి. వెనక సీటు విప్పితే దాని కింద బోల్టులు కనిపిస్తాయి. వాటి కింద ఒక ప్లేటు పెట్టి, ఆ ప్లేటు నుంచి రెండు సీట్ల సందులోంచి ఒక కడ్డీ పైకి లేపితే సరిపోతుంది. అన్నిటికంటే మంచి పద్ధతి ఇదే. బరువు ఛాసిస్ మీద పడుతుంది, వెనక కూర్చోవడానికి చోటు మిగులుతుంది, కడ్డీ పొట్టిగా ఉంటుంది.

బుల్లెట్ 350, హోండా హైనెస్ సీబీ350లో సీటు ఒకటే పొడుగ్గా ఉంటుంది, సందు లేదు. సీటు మధ్యలో కోసి కడ్డీకి దారి చేయొచ్చు. కానీ ఒరిజినల్ సీటును కోయకండి. ఇంకో సీటు కొని దాని మీద ప్రయోగం చేయండి, బండి అమ్మేటప్పుడు పాతది కావాలి. లేదా సీటుకు రెండు పక్కలా, వెనక సీటు ముందు అంచు దగ్గర, గొట్టాన్ని తిరగేసిన యూ ఆకారంలో వంచి, రెండు కాళ్ళనూ సైడ్ ప్యానెళ్ళ దగ్గరున్న బోల్టులకు దించవచ్చు. ఇందులో వెనక కూర్చునేవాళ్ళ తొడలకు గొట్టం తగులుతుంది. ఒంటరిగా తిరిగేవాళ్ళకైతే వెనకున్న క్యారియర్ నుంచి ముందుకు ఒక చెయ్యి లాగడం ఇంకో దారి. అది పొడుగు చెయ్యి కాబట్టి ఊగుతుంది, నాకు నచ్చదు.

ఎంత బలం పడుతుందో లెక్క వేద్దాం. స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరి పడినప్పుడో, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పినప్పుడో మీ వీపు దిండును 30 కిలోల బలంతో తోసిందనుకోండి. దిండు మధ్య బ్రాకెట్ కంటే 25 సెం.మీ. ఎత్తులో ఉంది. అంటే అడుగున దాదాపు 75 న్యూటన్ మీటర్ల వంచే బలం. బ్రాకెట్ బోల్టులు ముందూ వెనకా 10 సెం.మీ. దూరంలో ఉంటే ముందు బోల్టు మీద పైకి లాగే బలం సుమారు 75 కిలోలు. అవే బోల్టులు 3 సెం.మీ. దూరంలో ఉంటే 250 కిలోలు. దిండు అదే, మనిషి అతనే, బోల్టుల మధ్య దూరం వల్లే ఇంత తేడా. కాబట్టి బ్రాకెట్‌ను వీలైనంత పొడవుగా, కనీసం నాలుగు బోల్టులకు, రెండు ముందు రెండు వెనక వచ్చేలా పరచమనండి.

ఇనుము పని

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట అయితే అరపూటలో అయిపోయే పని. మీ ఊరి గేట్లూ గ్రిల్స్ చేసే వెల్డర్ కూడా చేయగలడు, కొలతలు మీ చేతిలో ఉంటే. ముందు అట్టముక్కతో బ్రాకెట్ నమూనా కత్తిరించి, బోల్టు రంధ్రాలు గుర్తుపెట్టి తీసుకెళ్ళండి. నోటితో చెప్తే వచ్చేది వేరే ఉంటుంది.

కడ్డీకి అతను మొదట చూపించేది 25 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం ఉన్న ఫ్లాట్ పట్టీ. చేత్తో పట్టుకుంటే చాలా గట్టిగా అనిపిస్తుంది. వద్దనండి. పైన చెప్పిన బలం పట్టీ మీద దాని పల్చటి వైపు పడుతుంది, మెత్తటి ఇనుము తట్టుకునే హద్దు దాటిపోతుంది, కొన్నాళ్ళకు పట్టీ వెనక్కి వంగుతుంది. దానికి బదులు 25 మి.మీ. చదరపు గొట్టం, 2 మి.మీ. గేజ్ అడగండి. బరువులో పెద్ద తేడా ఉండదు, వంగకుండా నిలబడే శక్తి మాత్రం ఎనిమిది తొమ్మిది రెట్లు ఎక్కువ.

చదరపు గొట్టంతో ఇంకో లాభం ఉంది. 2 మి.మీ. మందం పోతే లోపల 21 మి.మీ. ఖాళీ మిగులుతుంది. అందులోకి 20 మి.మీ. చదరపు గొట్టం సరిగ్గా దూరుతుంది. బయటి గొట్టాన్ని బ్రాకెట్‌కు వెల్డ్ చేయించి, లోపలి గొట్టానికి దిండు బిగిస్తే ఎత్తు సర్దుకోవచ్చు, అవసరం లేనప్పుడు మొత్తం పైకి లాగేయొచ్చు. బయటి గొట్టం లోపల ఒక పక్క అతుకు గీత పొడుచుకుని ఉంటుంది, దాన్ని ఆకురాయితో అరగదీయకపోతే లోపలిది దూరదు. రెండింటిలోనూ 8 మి.మీ. రంధ్రాలు, లోపలి దానిలో 2 సెం.మీ. తేడాతో మూడు, వేయించి పిన్ను పెట్టండి. పిన్ను ఒక్కటే ఉంటే బండి నడుస్తుంటే టకటక చప్పుడు వస్తుంది. బయటి గొట్టానికి ఒక పక్క రంధ్రం వేయించి, దాని మీద నట్టు వెల్డ్ చేయించి, అందులోంచి ఒక బోల్టు లోపలి గొట్టాన్ని నొక్కేలా బిగిస్తే చప్పుడు పోతుంది.

అడుగు ప్లేటు 5 మి.మీ. మందం ఉండాలి. గొట్టం ప్లేటు మీద నిలబడే మూలలో వెనక వైపు చిన్న త్రికోణం ముక్క వెల్డ్ చేయించండి. చుట్టూ నిండుగా వెల్డింగ్ పడాలి, నాలుగు టాకాలతో సరిపెట్టనివ్వకండి. గొట్టం వెనక్కి పది డిగ్రీలు వాలి ఉండాలి. నిట్టనిలువుగా ఉంటే దిండు పై అంచు వీపులో పొడుస్తుంది.

ముందుకూ వెనక్కూ జరుపుకోవడానికి 5 సెం.మీ. వెసులుబాటు కావాలి. దిండు వెనక ప్లేటులో గుండ్రటి రంధ్రాలకు బదులు పొడుగు సందులు కోయించడం తేలిక అని కొందరంటారు, కానీ అవి ఎత్తు మార్చడానికి పనికొస్తాయి గానీ దగ్గరా దూరానికి కాదు. అడుగు ప్లేటులోని బోల్టు రంధ్రాలను పొడుగు సందులుగా కోయిస్తే బ్రాకెట్ మొత్తం జరుగుతుంది. ఆ సందుల మీద పెద్ద వాషర్లు వేయడం మర్చిపోవద్దు.

మడత పెట్టే బందు పెట్టిస్తామని కూడా అంటారు. బండెక్కడానికి కాలు ఇటునుంచి అటు తిప్పేటప్పుడు దిండు అడ్డం రాకుండా అది ముందుకు వాలుతుంది. వినడానికి బాగుంటుంది, కానీ బందు దగ్గరే ముందు వదులవుతుంది. పైకి లాగేసే గొట్టమే నయం. పొట్టిగా ఉన్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు బందు పెట్టించుకోక తప్పకపోతే అది ముందుకే మడవాలి, వెనక్కి వాలకుండా గట్టి అడ్డు ఉండాలి.

బోల్టుల తల మీద 8.8 అని ఉన్నవే కొనండి. కంపెనీ బోల్టు కింద 5 మి.మీ. ప్లేటు చేరింది కాబట్టి కొత్త బోల్టు 5 మి.మీ. పొడవు ఎక్కువ ఉండాలి. మర పిచ్, అంటే మర గీతల మధ్య దూరం, పాతదాంతో కలవాలి, షాపుకు పాత బోల్టు పట్టుకెళ్ళండి. మరీ పొడుగుది వేస్తే కింద మడ్‌గార్డ్ లోపలికి చొచ్చుకుపోయి టైరుకు తగలొచ్చు. ఆ దారినే టెయిల్ ల్యాంప్ వైర్లు పోతుంటాయి, ప్లేటు కింద అవి నలగకుండా చూడండి. విడిగా నట్టు వచ్చే చోట, లోపల నైలాన్ రింగు ఉండి వదులవకుండా పట్టే నైలాక్ నట్టు వాడండి. చివరికి అంచులన్నీ గ్రైండ్ చేయించి పౌడర్ కోటింగ్ వేయిస్తే తుప్పు బెడద ఉండదు. మామూలు పెయింటైతే కింద రెడ్ ఆక్సైడ్ పూయాలి.

దిండు

అడుగు చెక్కకు 12 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. మామూలు ప్లైవుడ్ ఒక వానాకాలానికి పొరలు విడిపోతుంది. మూలలు గుండ్రంగా కోయించండి. ఫోమ్ అతికించే ముందే ప్లైవుడ్‌లో నాలుగు టీ-నట్లు, అంటే చెక్కలో దిగి బోల్టును పట్టే నట్లు, దిగ్గొట్టాలి. అన్నీ కుట్టేశాక అవి గుర్తొస్తే మళ్ళీ మొదటికి రావాల్సిందే.

ఫోమ్ రెండు పొరలు ఉండాలి. కింద 25 మి.మీ. రీబాండెడ్ ఫోమ్, అంటే రంగురంగుల ముక్కలు అదిమి చేసిన గట్టిది. పైన 25 మి.మీ. 40 డెన్సిటీ పీయూ ఫోమ్. మెత్తటి స్పాంజి ఒక్కటే వేస్తే షాపులో నొక్కినప్పుడు బాగుంటుంది, గంట ప్రయాణం తర్వాత వీపుకు చెక్క తగులుతుంది. మెమరీ ఫోమ్ మీద మోజు పడకండి. అది వేడికి మెత్తబడి చలికి గట్టిపడుతుంది. మే నెలలో రామగుండంలో ఒకలా, డిసెంబర్ తెల్లవారుజామున లంబసింగిలో ఇంకోలా ఉంటుంది. ఫోమ్ బాగుందో లేదో తెలియాలంటే బొటనవేలితో గట్టిగా నొక్కండి. కింద చెక్క తెలియకూడదు, వేలు తీయగానే గుంత పోవాలి.

పై పొరలో నిలువునా నడిమధ్య 4 సెం.మీ. వెడల్పున ఒక సెంటీమీటర్ లోతు గాడి తీయించండి. వెన్నుపూసల మొనలు ఆ గాడిలో ఉండి, రెండు పక్కలా కండరాలే దిండుకు ఆనుతాయి. సన్నగా ఉన్నవాళ్ళకు ఈ గాడి చాలా అవసరం. ఇంత చిన్న పని సీట్లు కుట్టేవాళ్ళు అడగందే చేయరు.

అతికించడానికి ఫెవికాల్ ఎస్ఆర్ వాడతారు. రెండు వైపులా పూసి, చేతికి కాస్త జిగురుగా అంటే దాకా ఆరనిచ్చి అప్పుడు కలపాలి. తడి మీదే కలిపితే పట్టు రాదు. ఫోమ్ మీద పల్చటి పాలిథిన్ చుట్టి ఆ పైన రెగ్జిన్ వేయించండి. కుట్టు రంధ్రాల్లోంచి వాన నీరు దిగితే ఫోమ్ రోజుల తరబడి ఆరదు, వాసన వస్తుంది. వీపుకు తగిలే వైపు మధ్యలో కుట్టు రాకూడదు. ఎండాకాలానికి గాలాడే మెష్ గుడ్డతో విడిగా ఒక తొడుగు కుట్టించుకుంటే చెమట పట్టదు, ఉతుక్కోవచ్చు. నల్ల రెగ్జిన్ అందంగా ఉంటుంది కానీ మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండెక్కినప్పుడు ఆ అందం వీపుకు తెలుస్తుంది. బూడిద రంగు మేలు.

వెనక కూర్చునేవాళ్ళు

దిండు వెనక వైపు సెంటీమీటర్ ఫోమ్ వేసి రెగ్జిన్ చుట్టించండి. బ్రేకు వేస్తే వెనకవాళ్ళ మోకాలో ఛాతీయో తగిలేది అక్కడే, బోల్టు తలలు బయటకు ఉండకూడదు. చీరతో ఒక పక్కకు కూర్చునేవాళ్ళకు ముందువాళ్ళ భుజమో సీటో పట్టుకోవడం అలవాటు. దిండు మధ్యలో వస్తే చెయ్యి పట్టు మారుతుంది. వాళ్ళు ఎక్కేటప్పుడు దిండును ఆసరాగా పట్టుకుని లేస్తారు కూడా, అది పక్కకు లాగే బలం. కాబట్టి అమ్మనో ఆవిడనో ఎక్కించుకునే రోజు దిండు లాగేసి ఇంట్లో పెట్టండి. లాగేసే గొట్టం మేలని అన్నది ఇందుకు కూడా. చిన్నపిల్లలను దిండుకూ మీకూ మధ్య ఇరికించి కూర్చోబెట్టడం అసలు వద్దు.

వెనక సీటు చోటు కోసం గ్రాబ్ రైల్ తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కేంద్ర మోటారు వాహన నియమాల్లో 123వ నియమం ప్రకారం వెనకవాళ్ళకు పట్టుకునే పిడి, ఫుట్‌రెస్ట్, వెనక చక్రం సగాన్నైనా కప్పే అడ్డు ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్‌సీ వివరాలకు తేడా వచ్చేలా బండి నిర్మాణం మార్చకూడదంటుంది. ఛాసిస్ ముట్టుకోకుండా, ఉన్న బోల్టులతో బిగించి, కావాలంటే పది నిమిషాల్లో విప్పేసేలా ఉంచుకోవడానికి ఇది ఇంకో కారణం. సర్వీసుకు ఇచ్చేటప్పుడు విప్పి ఇవ్వండి.

రెడీమేడ్‌గా కొనేవాళ్ళు

అమెరికాలో హార్లీ, గోల్డ్‌వింగ్ నడిపే మనవాళ్ళకు ఈ తంటాలు లేవు. అక్కడ మస్టాంగ్, కార్బిన్ లాంటి సీటు కంపెనీలు ముందువాళ్ళ బ్యాక్‌రెస్ట్‌తోనే సీట్లు అమ్ముతాయి. ఇక్కడ ఆన్‌లైన్‌లో కొంటే మీ బండి మోడల్‌తో పాటు ఏ సంవత్సరం బండికో చూడండి. క్లాసిక్ 350 అంటే 2021కి ముందుది వేరు, ఆ ఏడాది సెప్టెంబర్‌లో వచ్చినది వేరు, ఛాసిస్సే మారిపోయింది. ఎత్తు మారుతుందా, ముందుకు జరుగుతుందా, దిండు అడుగున ఖాళీ ఉందా అన్న మూడు ప్రశ్నలకూ జవాబు లేకపోతే కొనకండి. బ్రాకెట్ బాగుండి దిండు బాగోకపోతే కొనొచ్చు, దిండు మళ్ళీ కుట్టించుకోవచ్చు. దిండు బాగుండి బ్రాకెట్ బలహీనంగా ఉంటే మాత్రం దండగ.

బిగించాక

స్టాండ్ మీదే కూర్చుని హ్యాండిల్‌ను చివరి దాకా రెండు వైపులా తిప్పండి, తల తిప్పి రెండు భుజాల మీదుగా వెనక్కి చూడండి, క్రూజర్ కాకపోతే ఫుట్‌రెస్ట్‌ల మీద లేచి నిలబడి మళ్ళీ కూర్చోండి. దిండు ఎక్కడా అడ్డం రాకూడదు. కూర్చునేటప్పుడు జాకెట్ అంచు దిండుకు తట్టుకుంటుందేమో చూడండి, తట్టుకుంటే దిండు ఒక వేలు వెనక్కి జరపాలి. వీపుకు బ్యాక్‌ప్యాక్ తగిలించుకునే అలవాటుంటే మానుకోవాలి, ఆ రెండూ కలిసి ఉండవు.

మొదట మీ కాలనీలో స్పీడ్ బ్రేకర్లున్న దారిలో పది కిలోమీటర్లు తిరగండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసి చూడండి. ఆ తర్వాత వంద కిలోమీటర్లు. ఘాట్ రోడ్డును చివరికి ఉంచుకోండి. అరకు ఎక్కేటప్పుడు ఒళ్ళు దానంతటదే వెనక్కి జారి దిండు మీద బరువు పెరుగుతుంది, మలుపుల్లో ఒళ్ళు పక్కలకు జరగాలి. దిండు వెడల్పు ఎక్కువైతే ఆ సంగతి అక్కడ తెలుస్తుంది.

ఆసరా దొరికింది కదా అని ఆగకుండా మూడు గంటలు నడపకండి. గంటకోసారి దిగి నడుము వెనక్కి వంచి నాలుగడుగులు వేయాల్సిందే. సూర్యాపేటలో టీకి ఆగే అలవాటు మంచిదే. రోడ్డు పాడైన చోట దిండు నుంచి ముందుకు జరిగి, క్రూజర్ కాకపోతే ఒళ్ళు కాస్త ఎత్తి గుంతలు దాటండి. ఆనుకునే ఉంటే కుదుపు నడుముకు నేరుగా తగులుతుంది.

బోల్టులు బిగించిన రోజే ప్రతి బోల్టు తల మీదుగా ప్లేటు మీదకు తెల్ల పెయింట్‌తో ఒక గీత గీయండి. గీత విరిగితే బోల్టు తిరిగినట్టు. తొలి 50 కిలోమీటర్లకు ఒకసారి, 200కు ఒకసారి, తర్వాత ప్రతి చైన్ లూబ్రికేషన్ అప్పుడూ ఆ గీతలు చూడండి. వెల్డింగ్ దగ్గర పెయింట్ మీద వెంట్రుకంత చీలిక కనిపించినా బ్రాకెట్ విప్పేసి తీసుకెళ్ళి మళ్ళీ వెల్డ్ చేయించండి. అది అయ్యేదాకా దుప్పటి చుట్టతోనే నడపండి.